వదులుకున్నవారికే సీటు

మా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం ఎం.ఏ.కి నలభై సీట్లు. జూలైలో నలభై మందీ చేరతారు. దసరా సెలవులకి ఇళ్ళకి వెళ్ళినవాళ్ళలో పాతిక మంది తిరిగొస్తారు. మిగతా పదిహేను మంది ఇంకెక్కడో మంచి చోట సీటొచ్చిందని ఒక్క మాటైనా చెప్పకుండా జారుకుంటారు. ఖాళీ బెంచీలకి పాఠం చెప్పలేక ఆ శాఖాధిపతి ఆచార్య సర్వారాయుడు గారికి ప్రాణం ఉసూరుమనేది.

నేను అడ్మిషన్ల సెక్షన్‌కి సూపరింటెండెంటుని. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో నేను రాసిన నోట్ ఫైళ్ళు బీరువాలకి బీరువాలున్నాయి. వాటిని ఎవరైనా చదివారన్న దాఖలా లేదు. కానీ ఆ ఏడాది దరఖాస్తు ఫారంలో నేను రాసిన పద్నాలుగో కాలమ్‌ని మాత్రం మూడు జిల్లాల వాళ్ళు చదివారు, కొందరు ఏడుస్తూ చదివారు.

అది పుట్టిన రోజు నాకు బాగా గుర్తు. మే నెల, ఫ్యాన్లు తిరగడం లేదు, ప్రవేశాల కమిటీ కూర్చుంది. సర్వారాయుడు గారు లేచి నిలబడ్డారు. నలుగురున్న కమిటీలో కూడా ఆయన లేచి నిలబడే మాట్లాడతారు.

"మన సీటుకి విలువ లేదా? ఉంది. ఆ విలువ అభ్యర్థికి అవగతం కావడం లేదు. శాస్త్రం ఏమంటోంది? ఒక వస్తువు అసలు ఖరీదేమిటంటే, దానికోసం మనం వదులుకున్న రెండో వస్తువు. దీన్నే అవకాశ వ్యయం అంటున్నాం. ఏదీ వదులుకోకుండా వచ్చినవాడికి మన సీటు ఊరికే వచ్చింది. ఊరికే వచ్చింది ఊరికే పోతుంది. కాబట్టి మరో అవకాశాన్ని వదులుకుని వచ్చినవారికే ఇకమీదట మన సీటు."

రిజిస్ట్రారు వైకుంఠరావు గారు లా చదివిన మనిషి. ఆయన సిద్ధాంతం జోలికి పోలేదు. "వదులుకున్నట్టు రుజువేమిటి?" అన్నారు.

"ధ్రువపత్రం."

"ఎవరిస్తారు?"

మన దేశంలో మనిషి పుట్టాడని, ఫలానా కులం వాడని, ఫలానా ఊళ్ళో ఉన్నాడని, ఇంకా బతికే ఉన్నాడని రాసిచ్చేది ఎవరో నాకు తెలుసు కాబట్టి, "తహశీల్దారు గారండీ," అన్నాను. నా మాట మినిట్స్‌లోకి ఎక్కడం అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నమే కూర్చుని నియమం 11(బి) రాశాను. దాని కిందే పద్నాలుగో కాలమ్: "ఈ సీటు నిమిత్తం అభ్యర్థి వదులుకున్న తదుపరి మేలైన అవకాశం. తహశీల్దారు వారి ధ్రువీకరణ జతపరచవలెను." రాశాక నాలుగుసార్లు చదువుకున్నాను. ఎక్కడా సందు లేదు. కన్నపిల్లని చూసుకున్నట్టు చూసుకున్నాను దాన్ని.

వారం తిరక్కుండా తహశీల్దారు గారు ఫోన్ చేశారు. "జరిగినదానికి సర్టిఫికెట్టు ఇస్తాం గానీ, జరగనిదానికి ఎలా ఇమ్మంటారండీ?" అన్నారు. సర్వారాయుడు గారు ఫోన్ తీసుకుని ముప్పావుగంట అవకాశ వ్యయం గురించి పాఠం చెప్పారు. ఆ ఏడు ఆయన పాఠం పూర్తిగా విన్న శ్రోత తహశీల్దారు ఒక్కరే. చివరికి ఆయన నీరసంగా, "సరేనండీ, విచారణ చేయిస్తాను," అన్నారు.

ఆ విచారణ వీఆర్వో అప్పలస్వామి నెత్తిన పడింది. అప్పలస్వామి ఒళ్ళు దాచుకునే రకం కాదు. ప్రతి ఊరూ తిరిగాడు. ఇద్దరు ఇరుగుపొరుగువాళ్ళని పిలిచి, "ఈ కుర్రోడు ఎమ్మే సదవకపోతే ఏటి సేసుండేవోడు?" అని అడిగి పంచనామా రాసుకున్నాడు. రిపోర్టులు కట్టలుగా రాసాగాయి. "సదరు అభ్యర్థి చదవని పక్షంలో బావగారి మందుల షాపులో కూర్చునియుండేవాడని తేలినది." "సదరు అభ్యర్థిని చదవని పక్షంలో మేనత్త కొడుకును వివాహమాడియుండేది. విచారణ సమయమున సదరు మేనత్త కొడుకు కంటతడి పెట్టినందున నిజమని నమ్మడమైనది." ఒక కుర్రాడి విషయంలో మాత్రం, చదవకపోతే వాడు ఏమీ చేసి ఉండేవాడు కాదని తల్లిదండ్రులతో సహా వీధి వీధంతా ఏకగ్రీవంగా చెప్పారట. వాడి దరఖాస్తు తిరగ్గొట్టాం.

మేనత్త కొడుకు కేసు కమిటీ దాకా వెళ్ళింది. పెళ్ళి అనేది వదులుకోవడం కిందకి రాదని, వాయిదా మాత్రమేనని సర్వారాయుడు గారు రూలింగ్ ఇచ్చారు. పనిలో పని, మార్కులు కూడా నిర్ణయించారు. ప్రైవేటు ఉద్యోగం వదులుకుంటే ఐదు, సర్కారు ఉద్యోగం వదులుకుంటే పది, వేరే విశ్వవిద్యాలయంలో సీటు వదులుకుంటే ఇరవై.

మార్కులనేసరికి ఊరికి ప్రాణం వచ్చింది. బస్టాండు ఎదురుగా ఏనాడో మూతపడ్డ టైపు ఇన్‌స్టిట్యూట్ తలుపులు తెరుచుకున్నాయి. "వదులుకొనుటకు ఉద్యోగములు ఇవ్వబడును" అని బోర్డు. షరతు ఒకటే, పనిలోకి రాకూడదు. ఒక అమాయకుడు నిజంగానే సోమవారం పొద్దున క్యారేజీతో సహా పనిలోకి వచ్చేశాడు. యజమాని వాణ్ణి నానా చీవాట్లూ పెట్టి, ఇచ్చిన కాగితం వెనక్కి లాక్కుని పంపించాడు. సంగతి విని సర్వారాయుడు గారు మురిసిపోయారు. గిరాకీ ఉన్నచోట సరఫరా పుడుతుందని తాను ముప్పై ఏళ్ళుగా చెబుతున్నానన్నారు.

జూన్ ఆఖర్లో బమ్మిడి గౌరీశ్వరి వచ్చింది. మా ప్రవేశ పరీక్షలో మొదటి ర్యాంకు ఆ అమ్మాయిదే. వెంట వాళ్ళమ్మ దమయంతి. ఊరి చివర జీడిపప్పు షెడ్లలో పిక్కలు కొట్టే మనిషి. జీడి రసానికి వేళ్ళు నల్లగా మాడిపోయి ఉన్నాయి. కుర్చీ చూపిస్తే అంచున కూర్చుని చేతులు పైట కింద పెట్టుకుంది.

గౌరీశ్వరి ఒక నోటు పుస్తకం తెరిచి, "ఇక్కడ గణాంకశాస్త్రం ఎవరు చెబుతారండీ?" అని అడిగింది. నాకు తెలీదు. "రెండో ఏడు సర్వేకి పంపుతారాండీ?" అది అసలే తెలీదు. "లైబ్రరీ ఎన్నింటిదాకా ఉంటుందండీ?" లైబ్రరీ ఎక్కడుందో మాత్రం తెలుసు, చెప్పాను.

"ఇవన్నీ ఎందుకమ్మా నీకు?"

"ఏటవతలి వర్సిటీలో కూడా సీటొచ్చిందండీ. హాస్టల్ ఇస్తామన్నారు. గణాంకాలు చెప్పే మేడం మంచావిడట. ఇక్కడైతే అమ్మ దగ్గరుంటుంది, షెడ్లూ దగ్గరే. ఏది మంచిదో చూసుకోవాలి కదండీ."

"ఏది మంచిదో చూసుకోవడానికి ఫారంలో కాలమ్ లేదమ్మా," అన్నాను. "ఏది వదులుకున్నావో రాయడానికే ఉంది."

ఆ అమ్మాయి నవ్వలేదు. షెడ్లతో పనేమిటని అడిగితే చెప్పింది. "అమ్మ పద్దెనిమిదేళ్ళుగా పిక్కలు కొడుతోందండీ. పప్పు ధర పెరిగిన ఏడు కూలి పెరగదు. ధర పడిపోయిన ఏడు మాత్రం కూలి పడిపోతుంది. ఎందుకలా అని డిగ్రీలో మూడేళ్ళూ వెతికాను. ఏ పుస్తకంలోనూ లేదు. అది నేను రాద్దామనుకుంటున్నాను."

ఇన్నేళ్ళలో అర్థశాస్త్రం సీటు ఎందుకు కావాలో నాకు చెప్పిన మొదటి మనిషి ఆ పిల్ల. నాకు ముచ్చటేసింది.

"ఆ లెక్క తేలిస్తే సాలు బాబూ," అంది దమయంతి. "ఎక్కడ కూకుని తేల్చినా పర్లేదు. ఈ ఏడు గాని తప్పిందంటే మరి నా వల్ల కాదు. నా పక్కన పీటేసుకుని కూకోడమే."

రెండు రోజులు ఆలోచించుకుని గౌరీశ్వరి మా సీటే ఎంచుకుంది. ఏటవతలి సీటు వదులుకున్నట్టు తహశీల్దారు గారు రాయాలంటే ఆ వర్సిటీ కాగితం ఉండాలి కాబట్టి, అది తెచ్చుకోవడానికి వెళ్ళింది. ఉత్త చేతుల్తో తిరిగొచ్చింది.

జరిగిందేమిటంటే, ఇరవై మార్కుల కోసం పిల్లలంతా ఏటవతలి సీట్లు టపటపా వదిలేస్తుంటే వాళ్ళకి రోషం వచ్చింది. వాళ్ళూ మా రూలే పెట్టుకున్నారు. మా ఫారంని జిరాక్స్ తీయించి అచ్చువేసుకున్నారు. ఆఖరి లైన్లో మా విశ్వవిద్యాలయం పేరు తీసేయడం మర్చిపోయారు కూడా. నేను వాళ్ళ సూపరింటెండెంటు రత్నకుమారి గారికి ఫోన్ చేశాను.

"మా సీటు వదులుకున్నట్టు కాగితం ఇవ్వాలంటే ముందు ఆ అమ్మాయి మా దగ్గర చేరి ఉండాలి కదండీ," అన్నారావిడ. "చేతిలో లేనిది ఎలా వదులుకుంటుంది?"

"అయితే చేర్చుకోండి."

"చేర్చుకోవాలంటే మీ సీటు వదులుకున్నట్టు కాగితం కావాలండీ."

"ఆ కాగితం మేమివ్వాలంటే ముందు మా దగ్గర చేరి ఉండాలండీ. చేరాలంటే మీ కాగితం తేవాలి."

ఇద్దరం ఎవరి ఫారం వాళ్ళం ఇంకోసారి చదువుకున్నాం. తర్వాత ఆవిడ, "రూలు మటుకు గట్టిగా రాశారండీ," అన్నారు. నిజం దాచడమెందుకు, నాకు సంతోషమే కలిగింది.

రెండు విశ్వవిద్యాలయాల మధ్యా మూడు వారాలు ఉత్తరాలు నడిచాయి. గౌరీశ్వరి ఒక్కతే కాదు, అలా ఇరుక్కున్నవాళ్ళు పదకొండు మంది తేలారు. పదిమంది విసుగెత్తి బీఈడీకి వెళ్ళిపోయారు. ఈ పిల్ల మాత్రం రోజూ పదింటికి వచ్చి నా గది బయట బెంచీ మీద కూర్చుని ఏదో లెక్కలు వేసుకునేది. చేరడానికి ఆఖరు రోజు శనివారం. బుధవారం నాడు సర్వారాయుడు గారికి ఉపాయం తట్టింది. దానికి "ఏకకాల పరస్పర పరిత్యాగం" అని పేరు పెట్టారు. ఇద్దరు సూపరింటెండెంట్లూ ఏటి వంతెన మధ్యకి వచ్చి, చెరో కాగితం మీదా ఆ అమ్మాయిని చేర్చుకుని, అదే నిమిషంలో ఆ అమ్మాయి చేత రెండు సీట్లూ వదులుకున్నట్టు సంతకాలు పెట్టించి, రెండు కాగితాలూ ఇచ్చేయాలి. ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు.

గురువారం పదకొండు గంటలకి వంతెన మీద కలిశాం. మా వైపు నుంచి నేను, ముద్ర, ఇంకు ప్యాడ్. అటునుంచి రత్నకుమారి గారు, వాళ్ళ ముద్ర. సాక్షిగా అప్పలస్వామి. లారీలు హారన్లు కొడుతూ పక్కనుంచి పోతున్నాయి. కాగితాలు ఎగిరిపోకుండా దమయంతి నల్లటి వేళ్ళతో అదిమి పట్టుకుంది. అప్పలస్వామి వాచీ చూసి ఊఁ అన్నాడు. గౌరీశ్వరి నాలుగు సంతకాలు పెట్టింది. ముద్రలు ఒక్కసారే పడ్డాయి. రత్నకుమారి గారు ఫ్లాస్కులో టీ తెచ్చారు, అందరం తాగాం. ఇంత చక్కగా జరిగిన ఆఫీసు పని నేను చూడలేదు.

గౌరీశ్వరి రెండు కాగితాలూ చదివింది. మళ్ళీ చదివింది.

"సార్, ఇప్పుడు నాకు సీటు ఎక్కడుందండీ?"

నేను రత్నకుమారి గారి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూశారు. అప్పలస్వామి ఏటి వైపు చూశాడు.

"నీకు రెండు చోట్లా అర్హత వచ్చిందమ్మా," అన్నాను.

"సీటండీ?"

"సీటు రెండు చోట్లా వదులుకున్నావు కదమ్మా."

వదులుకున్న సీటు గంటలోగా జాబితాలో తర్వాతివాళ్ళకి పోవాలని కూడా నేనే రాశాను. వాళ్ళ జిరాక్స్‌లోనూ అదే ఉంది కాబట్టి అక్కడి సీటూ పోయింది. మా సీటు మందుల షాపు కుర్రాడికి వెళ్ళిపోయింది. ఆ ఫోన్ కూడా టీ తాగుతూ నేనే చేశాను.

"ఏటైందమ్మా?" అంది దమయంతి.

"ఏమీ అవలేదమ్మా," అంది గౌరీశ్వరి. పైకి ఏడవలేదు గానీ, ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఇంక మిగిలిందొక్కటే. కమిటీ తలుచుకుంటే నలభై ఒకటో సీటు సృష్టించవచ్చు, ఇక్కడైనా అక్కడైనా. ఆ సంగతే చెప్పాను. ఆ అమ్మాయి నా ఫైల్లోంచి రెండు తెల్లకాగితాలు అడిగి తీసుకుని, వంతెన గోడ మీద పెట్టి దరఖాస్తు రాసింది. ఒకటి నాకు, ఒకటి రత్నకుమారి గారికి. మాటలు రెండింట్లోనూ ఒకటే.

"అయ్యా, తమ సీటు కోసం నేను వదులుకున్నదానికి ధ్రువపత్రం సమర్పించుకున్నాను. నన్ను చేర్చుకోవడం కోసం తమరు ఏమి వదులుకుంటున్నారో కూడా ధ్రువీకరించి శనివారం లోగా తెలియజేయ ప్రార్థన. రెండు విశ్వవిద్యాలయాల జవాబులూ పోల్చి చూసుకుని ఎక్కడ చేరాలో నిర్ణయించుకుంటాను."

శుక్రవారం పొద్దున్నే అత్యవసర కమిటీ. దరఖాస్తు చదివి సర్వారాయుడు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సిద్ధాంతపరంగా ప్రశ్న నిర్దుష్టం. నా సర్వీసులో ఇలాంటి విద్యార్థిని చూడలేదు. తప్పక తీసుకోవాలి," అన్నారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు.

"సంస్థ అనేది వదులుకోదు, మంజూరు చేస్తుంది," అన్నారు వైకుంఠరావు గారు.

అయినా అందరూ ఆలోచించారు. వ్యవస్థాపక దినోత్సవం భోజనాల్లో ఒక స్వీటు వదులుకుందామని ఒకరన్నారు. అది గత ఏడే తీసేశారు. కమిటీ టీ వదులుకుందామని ఇంకొకరంటే, టీ వచ్చాక చర్చిద్దామన్నారు. నియమం 11(బి)ని వదులుకుంటే సరిపోతుందని నాకు తట్టింది. మాట నోటి చివరిదాకా వచ్చింది. కానీ అది నేను రాసిన రూలు. ఇరవై తొమ్మిదేళ్ళలో మనుషులు చదివిన నా రాత అదొక్కటే. నోరు మూసుకుని మినిట్స్ రాసుకున్నాను. మూడు గంటల చర్చ తర్వాత, విషయాన్ని లోతుగా పరిశీలించడానికి ఉపసంఘం వేశారు. నెలరోజుల గడువు.

అదే రోజు ఏటవతల కూడా కమిటీ కూర్చుందట. ఐదు నిమిషాల్లో లేచిందట. వాళ్ళది జిరాక్స్ రూలు కదా, దాని మీద వాళ్ళకి మమకారం లేదు. సాయంత్రానికి గౌరీశ్వరికి జవాబు వచ్చింది: "మీ నిమిత్తం మేము వదులుకొన్నది, నియమం 11(బి). రేపు వచ్చి చేరగలరు."

శనివారం ఎనిమిదింటికి, ఆఫీసు తెరవకముందే, గౌరీశ్వరి తన అసలు సర్టిఫికెట్ల కోసం మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన దమయంతి, ట్రంకు పెట్టె. తీసిచ్చాను.

"ఇక్కడే చదువుకోవాలనుకున్నానండీ," అంది. కోపం లేదు ఆ మాటలో.

"హాస్టల్లో జాగ్రత్తమ్మా," అన్నాను. గౌరీశ్వరి ఎక్కిన బస్సు వెళ్ళిపోయాక దమయంతి నాకు దణ్ణం పెట్టి షెడ్డుకి పోయింది. ఆ దణ్ణం నాకెందుకు పెట్టిందా అని ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

సోమవారం సర్వారాయుడు గారు ఉషారుగా వచ్చారు. "గమనించారా? చరిత్రలో మొదటిసారి మన విశ్వవిద్యాలయానికే అవకాశ వ్యయం ఏర్పడింది. మొదటి ర్యాంకు అభ్యర్థినే వదులుకున్నాం. అంటే మన సీటు విలువ ఏ స్థాయిదో చూడండి. బ్రోచర్లో వేద్దాం. తహశీల్దారు గారి నుంచి ధ్రువపత్రం తెప్పించండి," అన్నారు.

దరఖాస్తు పెట్టాను. విచారణకి అప్పలస్వామి వచ్చాడు. అటెండరునీ టైపిస్టునీ ఇరుగుపొరుగు కింద కూర్చోబెట్టి, నా ఎదురుగా కాగితం పరిచాడు.

"వదులుకున్నదేటండి?"

"బమ్మిడి గౌరీశ్వరి. మొదటి ర్యాంకు."

రాసుకున్నాడు. "ఆ పాప ఇక్కడే సదివుంటే ఏటయ్యేదండి?"

పప్పు ధర గురించి, కూలి గురించి ఆ అమ్మాయి చెప్పిందంతా చెప్పాను. అప్పలస్వామి రాయడం ఆపి విన్నాడు. "మా అప్ప కూడా ఆ షెడ్లోనేనండి, సచ్చిపోయిందాకా," అన్నాడు. కాసేపటికి మళ్ళీ కలం తీసుకున్నాడు. "మరి దేని కోసం వదులుకున్నారండి?"

ఫారం తీసి నియమం చూపించాను. మూడు లైన్లు చదివాడు. ఇంకేమైనా ఉందేమోనని కాగితం తిప్పి చూశాడు. వెనకాల ఏమీ లేదు.

"దీనికా అండి?"

చెప్పడానికి నా దగ్గర సర్వారాయుడు గారి సిద్ధాంతమంతా ఉంది.

"రాసుకోండి," అన్నాను.

రాసుకున్నాడు. "ఇది ఎవరు రాసేరో కూడా పెట్టాలండి. తహశీల్దారు గారు అడుగుతారు," అన్నాడు.

ఇంటిపేరుతో సహా నా పేరు చెప్పాను.